అర్హతయు ఋణమును

1883వ సంవత్సరమున ఆనందీబాయి జోషీ అను మహారాష్ట్ర యువతి అమెరికా చేరి, పెన్సిల్వేనియా స్త్రీవైద్యకళాశాలలో ప్రవేశము వేడుచు ఒక లేఖ వ్రాసినది. అప్పటికామె వయస్సు పదునెనిమిదేండ్లు. కళాశాలవారు కోరు అర్హతలన్నియు తనకు లేకపోవచ్చునని ఆ లేఖలో ఆమెయే ఒప్పుకొన్నది. పురుషవైద్యుని చికిత్సకు లోబడుటకంటె చావే మేలని తలచు స్వదేశస్త్రీలు ఎందరో కలరనియు, వారి బాధ తీర్చుటకే తాను సముద్రము దాటితిననియు విన్నవించుకొన్నది. తనకొరకై ఏమియు అడుగుట లేదన్నది. కళాశాలవారు చేర్చుకొనిరి. 1886లో ఆమె పట్టము పొందినది.

నేడు ఢిల్లీనగరమున పదునేడేండ్ల బాలుడో బాలికయో వైద్యకళాశాలలో చేరగోరినచో పంపవలసిన దరఖాస్తు వేరు విధమైనది. పేరు, పుట్టినతేది, ఛాయాచిత్రము, వేలిముద్ర, ధ్రువపత్రములు, రుసుము - ఇంతటితో అది ముగియును. ఎవరికొరకు వైద్యుడవు కాదలచితివని అడుగు గడి అందు లేదు. ఉండుట సాధ్యమును కాదు. 2024లో నీట్ పరీక్ష వ్రాసినవారు ఇరువదిమూడు లక్షలకు పైబడినవారు. అన్ని లేఖలు చదువువారెవ్వరు? చదువుదురనియే అనుకొన్నను, ఆ గడిలో ఏమి వ్రాయవలెనో కాలూ సరాయ్‌లోని శిక్షణాలయములు వారము దినములలో నేర్పివేయగలవు. కావున ఆ ప్రశ్న దరఖాస్తునుండి తొలగిపోయినందుకు చింతింప పనిలేదు. విద్యార్థి మనస్సునుండియు, తల్లిదండ్రుల మాటలనుండియు, న్యాయస్థానముల వాదములనుండియు కూడ అది తొలగిపోయినదా అనునదే ఆలోచింపదగిన విషయము.

వైద్యకళాశాలలోని ఒక స్థానము ఎవరి సొత్తు? ప్రశ్న వింతగ తోచవచ్చును. ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నవానిదని అందరును వెంటనే చెప్పు సమాధానము. తెలుగునాట ఇంకను గట్టిగ, ఫలానివాడు 'సీటు కొట్టినా'డందురు. అడవిలో లేడిని కొట్టినట్లు. వేటగానికి లేడిపై గల హక్కు వంటిది విద్యార్థికి ఆ స్థానముపై గలదని ఆ మాటయే చెప్పక చెప్పుచున్నది. ఆ హక్కు ఎంతవరకు నిజమో విచారింపవలెను.

పూర్వులు ఈ విషయమును వేరుగ చూచిరి. వైద్యము నేర్వగోరువాడు మొదట శాస్త్రమును, పిదప ఆచార్యుని పరీక్షించుకొనవలెనని చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున చెప్పబడినది. ఆ తరువాతనే ఆచార్యుడు శిష్యుని పరీక్షించును. శిష్యుని మేధతోపాటు లోభములేమి, సోమరితనములేమి, సర్వప్రాణులయెడ హితబుద్ధి కూడ చూడవలెనన్నారు. అయితే ఆ కాలమును పొగడి ఊరకుండుట సత్యమునకు న్యాయము చేయుట కాదు. సుశ్రుతసంహిత శిష్యుని ఎన్నికలో పుట్టుకను కూడ లెక్కించినది; మొదటి మూడు వర్ణములవారిని పేర్కొని, గుణవంతుడైన శూద్రునకు మంత్రము లేకుండ నేర్పవచ్చునని కొందరందురని మాత్రము చెప్పి విడిచినది. శీలమును చూడగల కన్ను కులమును కూడ చూచినది. నేటి యంత్రమునకు శీలము కనబడదు; జవాబుపత్రము దిద్దునపుడు కులమును కనబడదు. ఈ రెండవ గుడ్డితనము కొరకు మొదటి గుడ్డితనమును సహించుటకు దేశము ఒప్పుకొన్నది. అది చిన్న లాభము కాదు.

మనిషిని ఎదుట కూర్చుండబెట్టి శీలమును తెలిసికొందమను ప్రయత్నము ఏమగునో 1980లో సుప్రీముకోర్టు విచారించిన అజయ్ హాసియా వ్యాజ్యము చూపినది. అది వైద్యకళాశాల విషయము కాదు. శ్రీనగరములోని ఇంజనీరింగు కళాశాల విషయము. అచ్చట మొత్తము మార్కులలో మూడవవంతు ముఖాముఖి పరీక్షకు కేటాయించిరి. ఒక్కొక్క అభ్యర్థితో మాటలాడినది రెండు మూడు నిమిషములు. అడిగినవియు తండ్రి ఎవరు, ఊరేది అనునట్టి ప్రశ్నలు. అట్టి పరీక్షకు నూటికి పదునైదు మార్కులకంటె మించి ఇయ్యరాదని న్యాయస్థానము కట్టడి చేసినది. తండ్రి పేరు అడిగిన చోట సిఫారసు లోపలికి వచ్చుటకు వేరొక ద్వారము అక్కరలేదు.

పరీక్ష అవసరమని ఇంతవరకు తేలినది. పరీక్షలో నెగ్గినవాడు ఆ స్థానమునకు యజమాని యగునా అను ప్రశ్న మాత్రము మిగిలియే యున్నది. దానికి సమాధానము కొంత ఢిల్లీ చరిత్రలోనే దొరకును. ఆ నగరములోని మొదటి వైద్యకళాశాల 1916లో నెలకొనిన లేడీ హార్డింజ్ కళాశాల. పర్దాలోని స్త్రీలు పురుషవైద్యుని కడకు రారు. కావున స్త్రీలనే వైద్యులుగ తీర్చవలెనని దానిని స్థాపించిరి. పదహారుమంది విద్యార్థినులతో ఆరంభమైనది. ఆనందీబాయి లేఖలోని వాదమే ముప్పదిమూడేండ్లకు ఢిల్లీలో కట్టడమై లేచినదనవచ్చును. ఆ పదహారు స్థానములు పుట్టుటకు కారణము చదువుకొనిన యువతులుండుట కాదు. తలుపుల వెనుక మూలుగుచున్న రోగులుండుట. స్థానము రోగి నిమిత్తము ఏర్పడినది. విద్యార్థిని దానిలో కూర్చుండుటకు పిలువబడినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ సంగతి ఎంత త్వరగ మరుగున పడినదో 1951 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఇచ్చిన తీర్పును చదివినవారికి తెలియును. పార్లమెంటు భవనములోనే ఆ న్యాయస్థానము కొలువుదీరిన దినములవి. వ్యాజ్యము మద్రాసునుండి వచ్చినది. విశాఖపట్నము, గుంటూరు సీమలు కూడ నాటి మద్రాసు రాష్ట్రములోనివే. ఆ రాష్ట్రపు నాలుగు ప్రభుత్వ వైద్యకళాశాలలలో కలిపి 330 స్థానములుండెడివి. ప్రతి పదునాలుగు స్థానములలో ఆరు బ్రాహ్మణేతర హిందువులకు, రెండు వెనుకబడిన హిందువులకు, రెండు బ్రాహ్మణులకు, రెండు నాటి ఉత్తరువు మాటలో హరిజనులకు, ఒకటి ఆంగ్లో ఇండియనులకును భారతీయక్రైస్తవులకును, ఒకటి ముస్లిములకు చెందునని ప్రభుత్వపు ఉత్తరువు. దానిని చంపకం దొరైరాజన్ అను బ్రాహ్మణస్త్రీ ఎదిరించినది. న్యాయస్థానము ఆ ఉత్తరువును కొట్టివేసినది. రెండు నెలలు తిరుగకమునుపే పార్లమెంటు రాజ్యాంగమును మొదటిసారి సవరించి, వెనుకబడిన వర్గముల కొరకు ప్రత్యేకపు ఏర్పాట్లు చేయుటకు పదునైదవ అధికరణమున నాలుగవ ఖండమును చేర్చినది.

విచిత్రమేమనగా ఆమె ప్రవేశమునకు దరఖాస్తు పెట్టియుండలేదు. విచారింపగా తనకు చోటు దొరకదని తెలిసినదని మాత్రమే చెప్పుకొన్నది. న్యాయస్థానము ఈ సంగతిని తీర్పులోనే గుర్తించినది. పెట్టని దరఖాస్తు ఒకటి దేశపు రాజ్యాంగము మారుటకు ఒక కారణమైనది! అయినను ఆ తీర్పులో వినబడు గొంతులు రెండే: వ్యక్తి హక్కు, వర్గము హక్కు. ఆ 330 మంది రేపు ఎవరికి మందిత్తురో వారి మాట ఎచ్చటను వినబడదు. న్యాయమూర్తులను తప్పుపట్టుటకు వీలులేదు. వారి ముందుంచిన ప్రశ్న అది కాదు. కాని నాటినుండి నేటివరకు వైద్యవిద్యా ప్రవేశమును గూర్చిన వివాదములన్నియు సుమారుగ ఆ రెండు గొంతులతోనే సాగినవి. రోగి పేరు అప్పుడప్పుడు వచ్చును. అయితే ఒక పక్షమునకో మరియొక పక్షమునకో సాక్షిగ వచ్చును. మార్కులు తక్కువైనవాని చేతిలో ప్రాణము పెట్టుదురా అని ఒకరందురు. తన వాడకు రాని వైద్యుడు ఎంత తెలివిగలవాడైన నేమి అని మరియొకరందురు. రెండు మాటలలోను కొంత నిజము కలదు. పోటీపరీక్షలో వచ్చు మార్కులే ప్రతిభకు సంపూర్ణమైన కొలత కావని 2022 జనవరిలో నీల్ ఆరీలియో న్యూనెస్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్పష్టముగ చెప్పినది.

ఆ కొలత ఎంతమాత్రపుదో ఒక్క ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. 2024 మే 5వ తేదీన జరిగిన నీట్ పరీక్షలో పరమాణువును గూర్చి ఒక ప్రశ్న వచ్చినది. ప్రతి మూలకపు పరమాణువులును స్థిరములను వాక్యము తప్పా ఒప్పా అనునది దాని సారము. పాత పాఠ్యపుస్తకము ఒప్పనునట్లు చెప్పినది. కొత్త ముద్రణము 'అత్యధిక మూలకముల' అని సవరించినది. పరీక్షాసంస్థ మొదట రెండు జవాబులకును మార్కులిచ్చినది. వివాదము సుప్రీముకోర్టుకు రాగా, ఢిల్లీ ఐ.ఐ.టి.లోని ముగ్గురు నిపుణుల అభిప్రాయము కోరిరి. వారు ఒకే జవాబు సరియైనదనిరి. శాస్త్రదృష్టితో అది నిర్వివాదము. రేడియోధార్మిక మూలకములు స్థిరములు కావు. పాత పుస్తకపు జవాబు గుర్తించిన నాలుగు లక్షలమందికి పైగా ఐదేసి మార్కులు పోయినవి - రావలసిన నాలుగు, తప్పునకు తీసివేయు ఒకటి. నూటికి నూరు వచ్చినవారు అరువదిమందికి పైబడి యుండగా పదునేడుగురు మిగిలిరి.

ఇందులో ఎవరును అన్యాయము చేయలేదు. అదియే ఈ ఉదాహరణములోని బాధ. అక్క చదివిన పుస్తకమునే చెల్లెలు చదువుకొను ఇండ్లు దేశమునందు లక్షలు గలవు. అట్టి ఇంటి బిడ్డ తాను చదివినదానిని ఏకాగ్రతతో చదివి, చదివినదే వ్రాసి, వేలకొలది ర్యాంకులు క్రిందికి జారినది. ఇరువదిమూడు లక్షలమందిని 720 మార్కుల నిచ్చెనపై నిలిపినచో సగటున ఒక్కొక్క మెట్టుపై రెండువేలమందికి పైగా నిలువవలసి వచ్చును. ఆ మెట్టునకు పైనున్నవాడు క్రిందనున్నవానికంటె మంచి వైద్యుడగునని చెప్పుటకు ధైర్యము గలవారెవ్వరు? మొదటి మెట్టునకును చివరి మెట్టునకును గల భేదము నిజమైనదే. చదువనివాడు చదివినవానితో సమానుడు కాడు. సరిహద్దు కడ నిలిచిన ఇరువురిలో ఒకనిని లోనికి రానిచ్చునది మాత్రము చాలవరకు అదృష్టమే.

ఈ నిజమును హాలండు దేశమువారు బాహాటముగ ఒప్పుకొనిరి. 1970లనుండి అచ్చట వైద్యవిద్యా స్థానములను చీట్లు వేసి పంచిరి. మార్కులు ఎక్కువైనవారికి చీటి తగులు అవకాశము కొంత ఎక్కువ. మిక్కిలి గొప్ప మార్కులు వచ్చిన ఒక బాలికకు వరుసగ మూడేండ్లు చీటి తగులకపోగా 1990లలో ఆ దేశమున పెద్ద అలజడి పుట్టి, అత్యుత్తములను నేరుగ చేర్చుకొనునట్లు మార్చిరి. 2017లో చీట్ల పద్ధతి పోయినది. 2023లో మరల దానికి అనుమతి లభించినది. ఎన్నికైనవానికి గర్వించుటకును కానివానికి సిగ్గుపడుటకును చోటులేకుండుట ఆ పద్ధతిలోని సుగుణము. మన దేశమున చీట్లపెట్టె ఎవరి చేతిలో నుండునను ప్రశ్న ముందు వచ్చును గనుక ఆ మాట ఎత్తుట అనవసరము. యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పి మూడవమారు నెగ్గిన సంగతిని ఇట్టి చోట్ల తెలుగువారు తరచుగ చెప్పుకొందురు. అది పరీక్షలు వ్యర్థమనుటకు రుజువు కాదు. తప్పినవారందరును సుబ్బారావులు కారు. అయితే తప్పినవారిలో సుబ్బారావు ఉండవచ్చునను ఎరుక పరీక్ష పెట్టువానికి ఉండుట మంచిది.

అదృష్టము పరీక్షాపత్రముతోనే ఆగదు. నివాసస్థలమును కూడ అంటిపెట్టుకొని యుండును. ఢిల్లీ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలలో నూటికి ఎనుబదియైదు స్థానములు ఢిల్లీలోని పాఠశాలలలో పదునొకండవ, పండ్రెండవ తరగతులు చదివినవారికి చెందును. తక్కిన పదునైదు దేశమంతటికిని. 1984లో ప్రదీప్ జైన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు స్థానికత పేరిట తలుపులన్నియు మూయరాదని చెప్పిన పిమ్మట ఏర్పడినది ఈ అఖిలభారత వాటా. స్థానికతను గూర్చి తెలుగువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 371-డి అధికరణము, 1974 నాటి రాష్ట్రపతి ఉత్తరువు వారి ఇండ్లలో నలిగిన మాటలే. ఆ కారణముననే 2018 వరకు తెలుగు రాష్ట్రములు అఖిలభారత వాటాలో చేరకుండెను. గాజియాబాదు, నోయిడా, గురుగ్రామ్ రాజధానిలో కలిసిపోయినట్లే కనబడును. ఒకే మెట్రోరైలు వానిని కలుపును. అయినను ఆ యూళ్లలో చదివిన బిడ్డకు ఢిల్లీ ఎనుబదియైదులో భాగము లేదు. పదవ తరగతి కాగానే బిడ్డను సరిహద్దునకు ఈవలనున్న బడికి మార్చు తల్లిదండ్రులు, ఆ రెండేండ్లకై ఇల్లు మారువారు కలరు. అది మోసము కాదు. నియమము చెప్పినట్లే నడచుకొనుట. అయితే ఇల్లు మారగల స్తోమత కూడ ఆ విధముగ ప్రతిభలో చేరిపోవుచున్నది.

ఉత్తరప్రదేశ్ సరిహద్దునకు కొద్దిదూరమున, దిల్షాద్ గార్డెనులో, యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ కలదు. అచ్చటి విద్యార్థులు వైద్యము నేర్చునది ప్రక్కనే యున్న గురు తేగ్ బహదూర్ ఆసుపత్రిలో. 2018 అక్టోబరులో ఢిల్లీ ప్రభుత్వము ఆ ఆసుపత్రిలో నూటికి ఎనుబది పడకలు ఢిల్లీవాసులకే యని ఉత్తరువిచ్చినది. ఢిల్లీ హైకోర్టు ఆ నెలలోనే దానిని కొట్టివేసినది. రోగి ఏ యూరివాడని అడుగుటకు ప్రభుత్వ వైద్యశాలకు హక్కులేదని దాని తాత్పర్యము. ఒకే ప్రాంగణము: విద్యార్థిని గూర్చి సరిహద్దు చెల్లును, రోగిని గూర్చి చెల్లదు. పైకి ఇది పొంతనలేనిదిగ తోచును. నిదానించి చూచినచో ఇందు ఒక క్రమము కలదు. రోగి తన బాధతో వచ్చును. బాధయే అతని అర్హత. విద్యార్థి రోగుల నిమిత్తము వచ్చును. అతని అర్హత ఎట్లు నిర్ణయించినను, ఎచ్చట గీత గీచినను, అది రోగుల మేలునకై చేసికొన్న ఏర్పాటే. సౌకర్యమును బట్టి దానిని మార్చుకొనవచ్చును.

ఇంకొక సంగతి కలదు. దీనిని దరఖాస్తు పెట్టు బాలునకు ఎవరును చెప్పరు. వైద్యవిద్య పుస్తకములతో ముగియదు. గణితము నేర్చువాడు కాగితమును పాడుచేసి నేర్చుకొనవచ్చును. వైద్యము నేర్చువాడు మనుష్యశరీరముపై నేర్చుకొనవలెను. మొదటియేట అతని ఎదుట పరుండునది ఎవరో దానమిచ్చిన శవము, లేక అడుగువారు లేక మిగిలిన శవము. తరువాత అతడు తడబడుచు సూది గ్రుచ్చునది, తప్పుగ వినుచునే గుండెచప్పుడు విననేర్చునది సాధారణవార్డులోని బీదవాని కడ. ధనవంతుల గదులలోనికి విద్యార్థుల గుంపు పోదు. 1956 చట్టముతో ఏర్పడిన అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో విద్యార్థి చెల్లించు రుసుము నామమాత్రము. దాని ద్వారము వెలుపల బీహారునుండి, ఉత్తరప్రదేశ్‌నుండి వచ్చిన రోగుల బంధువులు కాలిబాటపై రాత్రులు గడుపుదురు. వారు కొనిన సబ్బుపై పన్నులోనుండియు ఆ చదువు సాగుచున్నది. అంతకంటె ముఖ్యముగ, వారి శరీరములపైననే ఆ చదువు సాగుచున్నది. దరఖాస్తు పెట్టువాడు కళాశాలను మాత్రమే అడుగుచున్నాననుకొనును. నిజమునకతడు ఆ కాలిబాటపైనున్నవారిని, 'మీపై నేర్చుకొననిండు' అని అడుగుచున్నాడు. వారు ఏ పరీక్షయు పెట్టక ఒప్పుకొనుచున్నారు.

ఇది ఋణము. దీనిని ప్రభుత్వములు బాండ్ల రూపమున లెక్కగట్టినవి. ఇన్నేండ్లు ప్రభుత్వసేవ చేయవలెను, లేదా ఇన్ని లక్షలు కట్టవలెను. 2019లో సుప్రీముకోర్టు అట్టి నిబంధనలను సమర్థించినది. ధనవంతుడు లక్షలు కట్టి విడిపించుకొనుటయు, లేనివాడు సేవ చేయుటయు ఆ పద్ధతిలో జరుగును. ఋణములోని నీతి అంతటితో తీరినదనుట కష్టము. దీనికెదురుగ న్యాయమైన ఆక్షేపణ ఒకటి కలదు: పదునేడేండ్ల బిడ్డను సమాజమునకు పనిముట్టుగ చూచుట తగునా? తాను ఏ వైద్యము చేయవలెనో, ఎచ్చట జీవింపవలెనో నిర్ణయించుకొను స్వేచ్ఛ అతనికి లేదా? కలదు. ఋణస్థుడు దాసుడు కాడు. ఆనందీబాయి కొల్హాపూరు వైద్యశాలలో నియమింపబడియు, ఆ పని చేపట్టకమునుపే 1887 ఫిబ్రవరిలో క్షయతో మరణించినది. నయమైన రోగులను లెక్కించి చూచినచో ఆమెకిచ్చిన స్థానము వ్యర్థమైనదనవలెను. ఎవ్వరును అట్లనలేదు. ఎవరికొరకు అడుగుచున్నదో ఆమె ఎరుగును. తీర్చుకొనుటకు ఆయువు చాలలేదు. ఎరిగియుండుటకును లెక్క చెల్లించుటకును ఈ భేదము కలదు. చట్టము రెండవదానినే కోరగలదు.

ఈ దృష్టితో చూచినచో స్థానము దొరకనివారి సంగతియు మారును. దేశమున ఎం.బి.బి.ఎస్. స్థానములు లక్షకు కొంచెము పైగా నున్న 2024లో ఇరువదిరెండు లక్షలమంది వెనుకకు మరలవలసి వచ్చినది. ఆ స్థానము ప్రతిభకు బహుమానమైనచో వారందరును ప్రతిభలేనివారని తేలును. అనేక గృహములలో ఫలితము వచ్చిన సాయంకాలము మాటలాడు తీరు అట్లే యుండును. లాంగ్‌టర్మ్ కోచింగు పేరిట రెండవయేడు, మూడవయేడు కూడ అదే పుస్తకములు చదువు పిల్లల ముఖములలో ఆ తీర్పు కనబడుచుండును. రోగులు కొందరిని తమకొరకు నియమించుకొనిరనియు, ఆ నియామకములు ఈ యేటికి నిండిపోయినవనియు చెప్పుట వేరు. ఆ బిడ్డ తండ్రితో ఈ మాట అన్నచో అతడు వెంటనే ఒప్పుకొనడు. ఇరుగుపొరుగువారేమందురనునది అతని ప్రశ్న. మరునాటికి వారిలో కొందరు నర్సింగు కళాశాలలకు, మరికొందరు ఫిజియోథెరపీకి, ప్రయోగశాల పనులు నేర్పు చదువులకు దరఖాస్తు చేయుదురు. తల్లిదండ్రులు ఆ సంగతిని బంధువులకు కొంత ఆలస్యముగ తెలియజేయుదురు. సఫ్దర్‌జంగ్ వార్డులో రాత్రి మూడుగంటలవేళ రోగి పిలిచినపుడు మొదట వినువారు వారే.